కోల్డ్ స్టోరేజీలో దబ్బనం పిన్ని

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉందన్న సంగతి ఆ వీధి ఎప్పుడో మరిచిపోయింది. పిల్లకీ పెద్దకీ ఆమె దబ్బనం పిన్నే. కొప్పులో ఎప్పుడూ ఒక దబ్బనం గుచ్చి ఉంటుంది. పని మధ్యలో సూది కోసం వెతుక్కోవడం ఆమెకు గిట్టదు. ఇంటి ముందు గదే దుకాణం. గోడ పొడవునా ఒక బల్ల, బల్ల కింద దూది బస్తాలు, కిటికీ పక్కన ఆమె పీట. ఆ పీట మీదే ముప్పై ఎనిమిదేళ్లుగా బొంతలు కుడుతోంది.

వరసకీ వరసకీ మధ్య వేలెడు. అదీ ఆమె లెక్క. అంతకు మించి ఎడం ఉంటే అది కుట్టు కాదు, బద్ధకం అంటుంది. "నా కుట్లలో దూరితే చీమక్కూడా ఊపిరాడదు" అని నవ్వేది గానీ, ఆ నవ్వులో గర్వం పాలే ఎక్కువ. యాభై ఎనిమిదేళ్లు నిండినా కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించడం రెండో గర్వం.

ఊరి చివర నిలబడితే దూరంగా కొండలు కనిపిస్తాయి. ఆ కొండల మీద, చూడ్డానికి వచ్చినవాళ్లు దిగే బస ఇళ్లకు ఏటా ఆమె బొంతలే వెళ్లేవి. తలుపులు బిగించుకున్న గదుల్లో మనిషికి రెండేసి కప్పుకుని పడుకునేవారు కాబట్టి ఏనాడూ ఎవరూ వంక పెట్టలేదు. ఆమె మాత్రం ఒక్కసారీ ఆ కొండ ఎక్కలేదు. "నా బొంతలు నాకంటే ఎక్కువ లోకం చూశాయే" అని ఒకరోజు అక్క కూతురితో అంది. మామూలుగా అందామనుకున్న మాటే. గొంతు మాత్రం మామూలుగా లేదు.

అక్క కూతురు బడిలో ఆటల టీచరు. ప్రతి వేసవిలో పదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని కొండెక్కి, నాలుగు రాత్రులు గుడారాల్లో గడిపి దిగుతుంది.

"అయితే ఈసారి నన్నూ తీసుకుపో" అంది పిన్ని.

"నడక సంగతి నాకు బెంగ లేదు పిన్నీ. నువ్వు నాకంటే జోరుగా నడుస్తావు. చలి సంగతే. ఇక్కడ ఫ్యాను కింద ఉడికిపోతున్నామా, అక్కడ పొద్దు వాలిందంటే మూడు డిగ్రీలు. పోయినేడు ఒకావిడ వణికి వణికి కొయ్యబారిపోతే, తెల్లారగానే అందరం మూట కట్టుకుని దిగిపోయాం. ఒక్కరికి చలేస్తే పదిమంది ప్రయాణం పాడు."

"బొంతలు కుట్టేదాన్ని, నాకు చలి గురించి చెప్తున్నావా? చేపకి ఈత నేర్పుతున్నావే!"

"నేర్పట్లేదు, పరీక్ష పెడుతున్నా. అక్కడ పడుకునే పక్క నువ్వే కుట్టుకో. రెండు కిలోలు దాటకూడదు. చిన్న బాబాయి కోల్డ్ స్టోరేజీలోనూ అంతే చలి. అక్కడ రెండు గంటలు అందులో పడుకో. తట్టుకుంటే వస్తావు. లేదంటే వచ్చి ఏం చూశానో చెప్తాను, ఎప్పట్లాగే ఊ కొడుదువు గాని."

ఆ చివరి మాట పిన్నికి సూదిలా దిగింది.

చిన్న బాబాయి అంటే పిన్ని మరిది. బంగాళాదుంపలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో తాళాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. వదిన పని అంటే ఆయనకు పండగ. వదినను ఆటపట్టించే అవకాశం అంటే రెండు పండగలు.

పిన్ని దిండ్లలో కూరే తేలికపాటి పీచుదూది తెచ్చి నాలుగు రోజుల్లో సంచిలాంటి పక్క కుట్టింది. కొండకు వెళ్లే కుట్టు కదా, వేలెడు దూరాన్ని అరవేలు చేసింది. చుట్టి చంకలో పెట్టుకుంటే పిల్లి పిల్లంత ఉంది.

మరునాడు మధ్యాహ్నం బంగాళాదుంప బస్తాల వరసల మధ్య చాప పరిచి అందులో దూరింది. మరిది తలుపు దగ్గర స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని కూర్చున్నాడు.

"వదినా, ఎలా ఉంది?"

"రాజభోగం."

పావుగంట తర్వాత మళ్లీ అడిగాడు. "వదినా?"

"బా... బాగానే ఉందయ్యా."

"మీ పళ్లు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. వచ్చేయండి, లేకపోతే ఆ దుంపలతో పాటు మీ మీదా తారీఖు ముద్ర వేయాల్సొస్తుంది!"

ఆమె వెంటనే లేవలేదు. పౌరుషం కాదు, ఏదో ఆలోచన. చలి ఒంటినంతా పట్టడం లేదు. గీతలు గీతలుగా దిగుతోంది. వీపు మీద ఒకటి, నడుము మీద ఒకటి. ఆ గీతలు ఆమెకు తెలిసినవే. కళ్లు మూసుకుని వేలితో తడిమి చూసింది. ప్రతి గీతా ఒక కుట్టు. దారం లాగి బిగించిన ప్రతిచోటా పైగుడ్డా లోగుడ్డా అతుక్కుపోయి, మధ్య దూదన్నదే లేదు. చీమ దూరదనుకున్న చోటనే చలి బారులు తీరి దూరుతోంది.

ఇంటికొచ్చి టీ తాగి, పక్కను బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. అంత చక్కని కుట్టు తన జన్మలో కుట్టలేదు. కత్తెర తీసుకుంది. పెట్టేసింది. మళ్లీ తీసుకుంది. మొదటి వరస విప్పడానికి అరగంట పట్టింది. తర్వాతవి చకచకా ఊడాయి. బిగువు వదిలిన దూది, అలక తీరిన పిల్లలా, మెల్లగా పొంగింది.

ఈసారి ఒక్క మందపు పక్కకు బదులు రెండు పలచనివి కుట్టింది. వరసల మధ్య జానెడు ఎడం. ఒకదాని కుట్టు రెండోదాని పొంగు మీద పడేలా జరిపి, అంచుల దగ్గర మాత్రమే రెండింటినీ కలిపింది. ఒంటి బరువుకు అడుగున దూది ఎలాగూ అణిగిపోతుందని అక్క కూతురి దగ్గర ఫోము చాప అడిగి తెచ్చుకుంది. అంత దూరం దూరం కుట్టేటప్పుడు వీధిలో ఎవరైనా చూస్తారేమోనని కిటికీ రెక్క దగ్గరికి వేసుకుంది.

రెండో పరీక్షకు అక్క కూతురే గడియారం పట్టుకుని వచ్చింది. పిన్ని నెత్తిన ఉన్ని టోపీ, కాళ్లకు పొడి మేజోళ్లు వేసుకుని లోపల దూరి, ముక్కు ఒక్కటీ బయట పెట్టింది.

గంట గడిచింది. చప్పుడు లేదు. అక్క కూతురు గడియారం మీంచి తలెత్తింది. "బాబాయ్, పిన్ని మాట్లాడటం లేదేంటి?"

"మాట్లాడటం లేదుగానీ, విను."

బస్తాల వరసల మధ్య నుంచి తీరుబడిగా గురక వినిపించింది.

రెండు గంటలూ పూర్తయ్యాక మరిది వెళ్లి తట్టి లేపాడు. "వదినా, లేవండి. నెగ్గారు."

"ఇంకో పది నిమిషాలు పడుకోనీవయ్యా, పుణ్యముంటుంది."

అక్క కూతురు రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని గడగడలాడుతూ, "మంగళవారం పొద్దున్నే బస్సు. ఆలస్యం చేస్తే వదిలేసి పోతా" అంది.

ఆ మంగళవారం పిన్ని అందరికంటే ముందు బస్సెక్కింది. నాలుగు రాత్రులూ పడుకుంది. నాలుగు పొద్దులూ అందరికంటే ముందు లేచి, గుడారం మీది మంచును వేలితో గీకి, కాళ్ల కింది మబ్బును తనివితీరా చూసింది.

తిరిగొచ్చాక ఆమె బొంతల్లో వరసల మధ్య ఎడం పెరిగింది. పాతికేళ్లుగా కొంటున్న బస ఇంటాయన కొత్త బొంత తిరగేసి చూసి, జాలిగా అడిగాడు. "ఏం పిన్నీ, కళ్లు మందగించాయా?"

ఒకప్పుడైతే ఆ మాటకు అగ్గిమీద గుగ్గిలమయ్యేది. ఇప్పుడు కొప్పులోంచి దబ్బనం తీసి, కిటికీ వెలుగులో ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించి ఆయనకు చూపించింది.

"ముందు పడుకుని చూడు నాయనా. తర్వాత మాట్లాడుకుందాం."