కోపంగా, బ్రాకెట్లో

హోటల్లో దుప్పట్లు ఉతికే గదిలో ఆమెను అందరూ పెద్దక్క అంటారు. ఆవిరికి ఉబ్బిన ఆ చేతులు ఏ దుప్పటి ఎక్కడ చిరిగిందో తడిమి చెప్పేస్తాయి. చదువు మాత్రం రాదు. బస్సు బోర్డు మొదలు మందు సీసా దాకా మొగుడే చదివిపెట్టేవాడు. అదే హోటల్ గేటు దగ్గర కాపలా ఆయనది. ఊరికే చదివేవాడా, ప్రతిసారీ ఒక దెప్పు కలిపి చదివేవాడు.

యాభై దాటాక ఆమె లైబ్రరీలో సాయంత్రం చదువుకు చేరింది. అక్కడి పంతులమ్మ పద్ధతి వేరు. తలా ఒక నాటకం కాగితం ఇచ్చి, వేషాలూ తెరలూ లేకుండా, ఎవరి పాత్ర వాళ్లను పైకి చదవమనేది. పెద్దక్కకు గయ్యాళి అత్త పాత్ర వచ్చింది.

"వేషం ఎలాగూ అక్కర్లేదులే నీకు," అన్నాడు మొగుడు. ఆ తర్వాత అసలు పోటు పొడిచాడు. "అయినా అది చదవడం కాదే. విన్నది అప్పజెబుతున్నావు. చిలక కూడా చేస్తుంది ఆ పని."

ఆ మాట ముల్లులా దిగబడింది. ఆమెకూ అదే అనుమానం. పంతులమ్మ చదివి వినిపించిన మాటలు సాధనలో కాగితం చూడకుండానే నోటికి వచ్చేస్తున్నాయి మరి. నిజంగా చదవాలి, ఆయన ముందే చదవాలి అని పట్టుబట్టింది.

అందరి ముందూ నాటకం చదివే రోజు లైబ్రరీ హాల్లో ఆయన వెనక వరసలో కూర్చున్నాడు. కోడలు పాత్ర చదివే వంటమనిషి తన మాట ముగించింది. పెద్దక్క నోరు తెరిచింది. కంఠతా వచ్చిన ముక్కలన్నీ ఎటో ఎగిరిపోయాయి. ఇక దిక్కు కాగితమే. అక్షరం మీద వేలు పెట్టి, గొంతు పెంచింది.

"కోపంగా. నడుము మీద చేతులు పెట్టుకుని. పాలు పొంగిపోతుంటే ఎటు చూస్తున్నావే?"

హాలు ఘొల్లుమంది. బ్రాకెట్లో ఉన్నది ఎలా నటించాలో చెప్పే సూచన, పైకి చదవకూడదు. చదువుకున్నవాళ్లకు పక్కవాడి తప్పు దొరికితే పండగే కదా. పెద్దక్క చెవులు కాలిపోయాయి. అయినా వేలు తీయలేదు. బ్రాకెట్లతో సహా చివరిదాకా చదివేసింది.

ఇద్దరూ బస్‌స్టాపుకు చేరారు.

"మీ పరువు తీశాను కదూ," అందామె.

"ఆ 'కోపంగా' అన్న ముక్క సాధనలో ఎవరైనా పైకి అనేవారా?"

"ఎవరంటారు? అనకూడదుగా."

"మరి విని నేర్చింది కాదుగా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "చదివావే."

బస్సు వచ్చింది. అలవాటు కొద్దీ బోర్డు చదవబోయి ఆయన నోరు మూసుకున్నాడు. పెద్దక్క తలెత్తి చూసింది. పెదవులు మెల్లగా కదిలాయి.

"కోపంగా," అంది. "మన బస్సే. ఎక్కండి."