ఖాళీగా కనిపించిన గుట్ట

పెట్టె మావయ్య రిటైరయిన రోజున ఆసుపత్రిలో నన్నూ రెండు మాటలు మాట్లాడమన్నారు. నాకు పని వచ్చు గానీ మాటలు రావని తప్పించుకున్నాను. అసలు కారణం అది కాదు.

మావయ్య నాకు చుట్టమేమీ కాదు. ఊళ్లో అందరికీ ఆయన మావయ్యే. ఇరవై ఏడేళ్లు టీకాల పెట్టె భుజాన వేసుకుని గుట్ట మీది క్వారీ బస్తీకి నడిచాడు. బస్సు గుట్ట కిందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి గంటన్నర ఎక్కాలి.

ఏడాదికి రెండు మూడుసార్లు నా ఫ్రిజ్జుల రిపేరు షాపుకి వచ్చేవాడు.

"నా పెట్టెకి ఒళ్లు కాలిపోతోందిరా అల్లుడూ, కాస్త నాడి చూడు," అనేవాడు.

మూత చుట్టూ ఉండే రబ్బరు అరిగితే చల్లదనం నిలవదు. పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు కోసి, మూలల దగ్గర ఏటవాలుగా కలిపి అతికించేవాణ్ణి. ఆయన సందులో కాగితం ముక్క పెట్టి, మూత బిగించి, కాగితాన్ని లాగి చూసేవాడు. ఊడి వస్తే మళ్లీ చేయమనేవాడు. చిరిగితే తల ఊపి వెళ్లిపోయేవాడు. నా పనికి అంతకన్నా మెచ్చుకోలు ఎప్పుడూ దొరకలేదు.

మహమ్మారి ఏడాది టీకాలు మొదలైనప్పుడు కూడా అలాగే వచ్చాడు.

"గుట్ట మీద మావాళ్లు సూదంటే హడలిపోతున్నారురా. గుమ్మం గుమ్మం తిరుగుతున్నాను. మీ పిల్లలందరికీ పడింది నేను మోసుకొచ్చిన మందే కదా, నా మాట నమ్మండి అంటున్నాను."

"నమ్మారా?"

"ఇప్పుడిప్పుడే. ఫోన్లో పేర్లెక్కించాలట. బస్తీ మొత్తానికి ఫోన్లు నాలుగు. సిగ్నలు కావాలంటే మిట్టెక్కాలి. ఏదో చూస్తామంది నర్సమ్మ."

రబ్బరు వేసిచ్చాను. ఆ మాటలన్నీ విన్నాను. వినలేదని చెప్పడానికి లేదు.

మా ఊరి సెంటర్లలో ఉదయం ఎనిమిదింటికి స్లాట్లు తెరిస్తే రెండు నిమిషాల్లో అయిపోయేవి. నాకు చేతివేగం ఎక్కువ. మా వీధివాళ్లు ఫోన్లు పట్టుకుని నా షాపు ముందు చేరారు. ఒకరోజు వెతుకుతుంటే క్వారీ బస్తీ సెంటరు కనిపించింది. నలభై ఖాళీ. పది నిమిషాలు చూసినా ఒక్కటీ తగ్గలేదు. ఎవరికీ అక్కర్లేదు కాబోలు, వృథాగా పోతాయనుకున్నాను.

"అన్ని ఎందుకు మిగిలాయంటారు?" అంది మా ఆవిడ.

"ఆరాలు తీస్తూ కూర్చుంటే అవీ పోతాయి," అన్నాను.

నలభైకి నలభై మా వీధి పేర్లతో నింపేశాను. ఎదురింటి పిన్ని నా చెయ్యి చల్లనిదంది. ఫ్రిజ్జుల్లో పెట్టే చెయ్యి చల్లగా ఉండక ఏం చేస్తుందన్నాడు పక్కషాపు టైలరు. అందరం నవ్వుకున్నాం.

మర్నాడు రెండు వ్యాన్లలో లారీల దారిన గుట్టెక్కాం. బడిగది గోడ వెంట బస్తీవాళ్లు అప్పటికే వరసగా నిలబడి ఉన్నారు. ఉతికిన బట్టలు కట్టుకున్నారు. జుట్టులో మాత్రం రాతిపొడి పోలేదు. ఆ రోజు పని మానుకుని వచ్చారు. నర్సమ్మ పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరుగా మావాళ్లే ముందుకు వెళ్లారు. పదిహేను పేర్లయ్యాక వరసలో ముందున్న ముసలామె, కంకర కొట్టే అవ్వ, మావయ్య వైపు తిరిగింది.

"మా పేర్లు ఎప్పుడొస్తాయయ్యా?"

మావయ్య నర్సమ్మ దగ్గరికి వెళ్లి కాగితం మీదికి వంగాడు. "అడుగున ఉన్నాయేమో చూడమ్మా."

"ఉన్నవి ఇవే మావయ్యా. ఫోన్లో ఎక్కనివాళ్లకి నేను వెయ్యకూడదు."

అవ్వ గొంతు పెంచలేదు. "పదిహేను రోజులు మా గుమ్మాల చుట్టూ తిరిగి భయం పోగొట్టావు. బాగుంది. మరి మందేది?"

మావయ్య మా వీధివాళ్ల వైపు తిరిగాడు. అప్పుడే నేను కంటబడ్డాను.

"నువ్వూ వచ్చావా అల్లుడూ," అన్నాడు. "కూర్చో. చెయ్యి వదులుగా పెట్టు, బిగిస్తే నొప్పెడుతుంది."

నా వంతు అవ్వకి వెయ్యమని అడిగి ఉండొచ్చు. నర్సమ్మ ఒప్పుకునేదో లేదో నాకు తెలియదు, అడగలేదు కాబట్టి. కూర్చున్నాను. వేయించుకున్నాను. నొప్పి కూడా పెట్టలేదు.

పది రోజులకి మావయ్య షాపుకి వచ్చాడు. భుజాన పెట్టె లేదు.

"పేర్లెక్కించడంలో నిన్ను మించినవాడు లేడటగా. మీ ఎదురింటి పిన్ని తెగ పొగిడింది. నలభైకి నలభై నువ్వే నింపావట."

చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాను. "తిట్టు మావయ్యా."

"తిడితే నీకు తేలికవుతుంది. నా సంగతేంటి? ఎల్లుండి ఇంకో నలభై వస్తున్నాయి. ఈసారి అక్కడికక్కడే ఎక్కించొచ్చట. ఫోను తీసుకుని రా."

వెళ్లాను. సిగ్నలు అందే మిట్ట మీద ఫోను పట్టుకుని కూర్చున్నాను. కింద మావయ్య తలుపు తలుపూ తట్టడం కనిపిస్తూనే ఉంది. కొన్ని తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. కొన్ని తెరుచుకోనే లేదు. నా ఫోన్లో నలభై ఖాళీ అలాగే ఉంది. మధ్యాహ్నం దాటాక నేనే దిగి అవ్వ దగ్గరికి వెళ్లాను. కంకర కొడుతూనే తలెత్తి చూసింది.

"మీ వీధిలో అందరికీ అయిపోయిందా నాయనా?"

"అయింది అవ్వా."

"అయితే మిగిలినవి తెచ్చారన్నమాట. ఒకరోజు పని పోగొట్టుకుని నిలబడ్డాం కదా, అది చాల్లే."

ఇవి మిగిలినవి కావని చెప్పబోయాను. చెప్పడానికి నేనెవర్ని?

సాయంత్రం పెట్టె నేను మోస్తానన్నాను. పెట్టెని ఇంకొకరి చేతికివ్వని మనిషి, కాదనకుండా పట్టీ తీసి నా భుజాన వేశాడు. గుట్ట దిగుతూ ఒకచోట ఆగి మూత తీసి చూశాను. రబ్బరు బిగువుగా పట్టుకుంది, లోపల చల్లగానే ఉంది. దిగేటప్పుడు పెట్టె తేలిగ్గా ఉంటుందని మావయ్య ఎప్పుడూ చెప్పేవాడు. ఆ రోజు సీసాలన్నీ అలాగే ఉన్నాయి.