భాష రాని పంచులు

నేను నాయబ్ తహసీల్దారుగా ఏజెన్సీకి బదిలీ అయిన రెండో ఏడు అది, వానాకాలం. మాది చొప్పదండి. ఉట్నూర్ అవతలి అడవి ఊళ్ళలో మాట్లాడే గోండి నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ ముక్క రాదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడమనిషి అనుమానాస్పదంగా చనిపోతే ఇంక్వెస్ట్, అంటే శవ పంచనామా, మా రెవెన్యూవాళ్ళు చేయాలి. అందులో పంచులు ఉంటారు. శవాన్ని చూసి, చావు ఎట్లా జరిగిందనుకుంటున్నారో వాళ్ళు చెప్పాలి. ఆ మాటే కాగితం మీదికి ఎక్కుతుంది.

అట్లాంటి ఒక ఊళ్ళో సోంబాయి అనే పిల్ల చనిపోయిందని కబురొస్తే జీపులో వెళ్ళాను. పెళ్ళయి మూడేళ్ళు. అత్తగారి వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉంచారు. ఎస్సై అప్పటికే మండల కేంద్రం నుంచి చాయ్ హోటలాయన్నీ, బట్టల దుకాణమాయన్నీ పంచులుగా ఎక్కించుకొచ్చాడు. ఇద్దరూ ముక్కుకు దస్తీలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు.

"కడుపునొప్పికి తాళలేక పురుగుల మందు తాగింది మేడం. పంచులు రడీగున్నరు, రాసేస్తే అయిపాయె," అన్నాడు ఎస్సై.

నాకు ఒళ్ళు మండింది. మా కాగితాల్లో ఆడవాళ్ళ కడుపునొప్పికి అంతే లేదు. ఎక్కడ ఎవరు చచ్చినా కడుపునొప్పే.

"పంచుకు ఈ ఊరోళ్ళు దొరకలేదా?"

"ఉన్నరు గని తెలుగు రాదు మేడం. పంచుకేం పనికొస్తరు?"

"మీ చాయ్ హోటలాయన గీ పిల్లను బతికుండంగ ఎన్నడన్న చూసిండా?"

ఎస్సై ఆ ఇద్దరినీ జీపు దగ్గరికి పొమ్మని సైగ చేశాడు.

తెలుగూ గోండీ రెండూ వచ్చిన మనిషి ఆ ఊళ్ళో ఏఎన్ఎం నర్సు సుశీల ఒక్కతే. బొగ్గుబావుల కాలనీలో పుట్టిన పిల్ల. ఈ ఊరి సబ్‌సెంటర్‌లో ఏళ్ళ తరబడి కాన్పులు చేస్తూ గోండి నేర్చుకుంది. ఊరి ఆడవాళ్ళతో నవ్వులూ కొట్లాటలూ అన్నీ ఆ భాషలోనే. ఆమెను దుబాసీగా పెట్టుకుని ఊరి ఆడవాళ్ళు ముగ్గురిని పంచులుగా పిలిచాను. సోంబాయి తల్లి భీంబాయి పక్క ఊరి నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. 'నా బిడ్డ తనంతట తాను తాగలే, అది రాయమను' అని ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అంటోందని సుశీల చెప్పింది.

దుప్పట్లు అడ్డం కట్టించి మగవాళ్ళను బయటికి పంపాను. ముగ్గురూ వెళ్ళి శవానికి ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ ముక్కు మూసుకోలేదు. పెద్దామె చీర అంచు పట్టుకుని చూసి ఏదో అంది.

"గీ కట్టు మాది కాదంటుంది మేడం. ఈళ్ళు కాసెపోసి కడ్తరు గద. గిది ఎవడో మగోడు సుట్టిండంట."

తరవాత సోంబాయి తల పైకెత్తి చూపించారు. మందు వాసన జుట్టులో ఉంది, మెడ వెనక ఉంది.

"కూసోని తాగితే ఎదురురొమ్ము మీద పడ్తది, పండవెట్టి పోస్తెనే ఎన్కకు కారుతది అంటున్నరు," అంది సుశీల. "పట్టుకొని పోసిండ్రు మేడం."

అదే రాశాను. సుశీల గోండిలో చెప్పి వినిపించింది, వాళ్ళు వేలిముద్రలు వేశారు. సోంబాయి మొగుడు అరెస్టయ్యాడు.

కేసు విచారణకు రావడానికి చాలా కాలం పట్టింది. విషం వల్లే చనిపోయిందని పోస్ట్‌మార్టం రిపోర్టు. తాగిందో, తాగించారో చెప్పలేనన్నాడు డాక్టరు. ఇక అంతా ఆ ముగ్గురి మాట మీదే నిలిచింది. మొగుడి తరఫు వకీలు కోర్టు దుబాసీ ద్వారా పెద్దామెను అడిగాడు.

"పంచనామా ఏ భాషల ఉన్నది?"

"మీ భాషల."

"మరి నువ్వు చెప్పిందే అందుల ఉన్నదని నీకెట్ల ఎరుక?"

"నర్సమ్మ చెప్పింది."

ఆ తరవాత బోనులోకి సుశీల వచ్చింది. ఆమె అద్దెకుండే ఇల్లు సోంబాయి మామగారిది. అయినా ఆమె మీద నాకు నమ్మకం ఉండింది.

"నీకు గోండి ఎంత వస్తదమ్మా?"

"అంత రాదు సార్. మందుబిళ్ళలు ఇచ్చే మందం వస్తది."

"ఆ ఆడోళ్ళు చెప్పింది నీకు మొత్తం సమజైందా?"

"కాలే సార్."

అబద్ధమని గట్టిగా అరవాలనిపించింది. కోర్టు హాల్లో సాక్షికి, అడిగినదానికి తప్ప నోరెక్కడిది?

బయట వరండాలో భీంబాయి సుశీల చెయ్యి పట్టుకుని గోండిలో మాట్లాడింది. తిడుతున్నట్టు లేదు. నెమ్మదిగా ఏదో అడుగుతున్నట్టుంది. సుశీల తల వంచుకుని వింటూ ఏడ్చింది.

"ఏమంటున్నది సుశీలా?" అన్నాను.

"నాకు సమజైతలేదు మేడం," అని కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మొగుడు విడుదలయ్యాడు. పంచులకు పంచనామా భాష రాదు గనక వారి అభిప్రాయాన్ని నమ్మలేమని తీర్పులో ఉంది. ఆ వాకిట్లో శవాన్ని చూసి ఏమీ అర్థం కానివాళ్ళం మేమే. మమ్మల్ని మాత్రం పనికిరారని ఎవరూ అనలేదు.

సుశీలను తిట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి. ఆ ఊళ్ళో ఒక్కతే ఉండి బతకాల్సిన మనిషి అని తరవాత తరవాత అర్థమైంది. ఇప్పుడు ఇంక్వెస్ట్‌కు వెళ్తే పంచులను ఊళ్ళోవాళ్ళనే పెడతాను. దుబాసీ కోసం మాత్రం జనం మధ్య నిలబడి అడుగుతాను, "వీళ్ళ మాట మాకొస్తదని రేపు కోర్టుల గూడ చెప్పేటోళ్ళు ఎవలున్నరు?" అని. చాలా ఊళ్ళలో ఎవరూ లేవరు.