సాంచెల గల్లీలో కొన్న స్పీకర్ డబ్బా

మా పాటల బృందాన్ని నడిపే కీబోర్డు ఆయన ఆ మాట అన్నప్పుడు ఆయన చేతిలో జిలేబీల పళ్లెం ఉంది. సూరత్‌లో, డిండోలీ బస్తీలో ఒక పెళ్లి. భోజనాల దగ్గర ఆక్టోప్యాడ్ మీద డ్రమ్ములు వాయించే అతను, పాడే ఇద్దరు, పెళ్లివారి తరఫు పెద్దమనిషి నిలబడి ఉన్నారు. అంతమంది ముందు నవ్వుతూ, "బేస్ గిటార్ లేకున్నా నడుస్తది. నా ఎడమ చెయ్యి ఉన్నది గద" అన్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. విన్నానని ఆయనకూ తెలుసు. అందరూ నవ్వారు. అన్న మనిషి చేతులు కడుక్కునేలోపే మర్చిపోయి ఉంటాడు. నేను మర్చిపోలేదు.

ఎడమ చెయ్యి సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. కీబోర్డులో ఎడమవైపు మెట్లకు బేస్ గిటార్ ధ్వని పెట్టుకోవచ్చు. అలా పెట్టుకుంటే గిటార్ పట్టుకునే మనిషి దండగని చాలామంది అనుకుంటారు. ఆ దండగ మనిషిని నేనే. పగలంతా ఉధ్నాలో సాంచెలు, అంటే పవర్‌లూమ్ మగ్గాలు, బాగుచేస్తాను. మా నాన్న వాటి మీద బట్ట నేశాడు, నేను వాటి బోల్టులు బిగిస్తున్నాను. ఆ పని ఇంట్లోంచి వచ్చింది. గిటార్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు, నేర్పలేదు. నేనే తెచ్చుకున్నాను. పన్నెండేళ్లుగా వేదిక మీద వెనక వరుసలో, కుడి పక్క, నాకో చోటు ఉంది. ఆ చోటు వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

బృందానికి ఒక బేస్ సెట్టు ఉంది. ఒక ఆంప్లిఫయర్, నాలుగు స్పీకర్లున్న పెద్ద డబ్బా. అందరం కలిసి కొన్నదే అయినా అది ఉండేది ఊరికి దూరంగా కిమ్‌లో, కీబోర్డు ఆయన గోదాములో. తాళం చెవి ఆయన జేబులో. కిందటి బతుకమ్మకు నవాగామ్‌లో మా గల్లీ ఆడవాళ్లు పాటల కార్యక్రమం పెట్టమంటే, ఆయనకు ముందు రోజే ఫోన్ చేసి సెట్టు కావాలన్నాను. వచ్చి తీసుకుపొమ్మన్నాడు. టెంపో మాట్లాడుకుని పోతే గోదాముకు తాళం వేలాడుతోంది. ఫోన్ ఎత్తలేదు. రెండు గంటలు ఎండలో నిలబడి వట్టి చేతులతో తిరిగొచ్చాను. ఆ సాయంత్రం నా గిటార్‌ను మైకు స్పీకర్లలోనే కలిపారు. రేకు మీద గరిటెతో కొట్టినట్టు మోగింది. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు.

"భరూచ్ పోయిన, యాది మరిచిన. అయినా ఎవ్వరన్న అడిగిండ్రా, బేస్ ఏదని?"

ఎవరూ అడగని మాట నిజమే. వినిపించనిదాన్ని ఎవరు అడుగుతారు? ఆయన తాళం వేసి, ఆయనే ఆ ప్రశ్న అడగడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండో సెట్టు నాకంటూ ఒకటి ఉండాలని ఆ రోజే అనుకున్నాను. సూరత్ వదిలి పోతున్న ఒక గిటారిస్టు దగ్గర తీసుకున్న చిన్న ఆంప్లిఫయర్ ఇంట్లో ఉంది. కావలసింది స్పీకర్ డబ్బా. పేరున్న కంపెనీల కొత్త డబ్బాల ధరలు అడిగి, ఫోన్ పెట్టేసి, ఇక అడగడం మానేశాను. నాకు దొరకాల్సిన డబ్బా ఆటోలో పట్టాలి. మా ఇంటి ఇరుకు మెట్ల మీద రెండంతస్తులు ఎక్కాలి. పైగా నాలుగు ఓమ్‌ల కంటే తక్కువ ఉన్న స్పీకర్ తగిలించవద్దని ఆంప్లిఫయర్ వెనక రాసి ఉంది, తగిలిస్తే కాలిపోతుంది. ఇన్ని చూసుకున్నవాణ్ని అసలు చూడాల్సినదాన్ని చూడలేదు.

సలాబత్‌పురాలో ఒక గల్లీలో పాత సౌండు సామాను అమ్మే దుకాణం ఉంది. యజమాని పెద్దవాడు, గుజరాతీ, అందరూ కాకా అంటారు. రెండు పదంగుళాల స్పీకర్లున్న డబ్బా చూపించాడు. కొత్త తొడుగు, కింద చక్రాలు, ఒక్క చేత్తో లేపేంత బరువు, ఎనిమిది ఓమ్‌లు. నా సంచిలోంచి గిటార్, ఆంప్లిఫయర్ తీసి తగిలించాను. చెప్పులు విప్పి నేల మీద నిలబడి వాయించమన్నాడు. "జమీన్ హిల్తీ హై, దేఖో" అన్నాడు. లావు తీగ మీటాను. నిజంగానే నేల అదిరింది. ఆ అదురు అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా వచ్చింది. బేరం ఆడాను కానీ, గట్టిగా ఆడలేదు. ఇంత తేలికైన డబ్బాలో అంత బలం ఉంటే ఇంకేం కావాలి?

ఇంటికి తెచ్చి లావు తీగ మీటితే ప్లాస్టిక్ బకెట్టు మీద కొట్టినట్టుంది. వైరు మార్చాను. డబ్బాను గోడకు ఆనించాను, మూలకు జరిపాను, చక్రాలు తీసేసి నేల మీద పెట్టాను. బకెట్టు బకెట్టే. మా నాన్న నలభై ఏళ్లు సాంచెల మధ్య నిలబడ్డవాడు, చెవులు దాదాపు పోయాయి, మన పెదాలు చూసి మాట తెలుసుకుంటాడు. లేచి వచ్చి డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. వాయించమని తల ఊపాడు. వాయించాను. చెయ్యి తీసేశాడు.

"దీంట్ల ఏం లేదు. యాడ కొన్నవ్?"

సలాబత్‌పురా అన్నాను.

"పక్కపొంటి సాంచెలు నడుస్తున్నయా అప్పుడు?"

"నేను చూడలే బాపు."

"నడిచే ఉంటయ్. మనకు ఎర్కగాదు బిడ్డా. బందయితెనే ఎర్కయితది."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ దుకాణానికి అటూ ఇటూ, పైనా సాంచెలే. వేరే ఊరి మనిషి ఆ గల్లీలో అడుగుపెడితే ముందు చెవులు మూసుకుంటాడు. మేం అలా కాదు. ఆ చప్పుడులో పుట్టాం, అందులోనే నిద్రపోయాం. దాన్ని చప్పుడు కింద లెక్కపెట్టం. అరికాళ్ల కింది అదురు గల్లీ అంతటి సాంచెలది. నేను అది డబ్బాదనుకున్నాను. సాంచెలు బాగుచేసి బతికేవాడిని, సాంచె అదురును గుర్తుపట్టలేకపోయాను.

ఈ సంగతి ఆక్టోప్యాడ్ అతనికి ఒక్కడికే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మరుసటి రిహార్సల్‌కు పోయేసరికి కీబోర్డు ఆయన నాకోసమే కాచుకుని ఉన్నాడు.

"ఏందిరా, సాంచె సప్పుడు కొనుక్కొచ్చినవట? ప్రోగ్రాంల జర చీర గూడ నేసియ్యి, పెండ్లిపిల్లకు కట్టిద్దాం."

పాడేవాళ్లిద్దరూ కడుపు పట్టుకున్నారు. జిలేబీల నాడు నవ్వింది కూడా వాళ్లే.

డబ్బా అలాగే ఉంచుకుని నోరు మూసుకోవడం నా చేత కాలేదు. సలాబత్‌పురా గల్లీలో టీ కొట్టు అతన్ని అడిగితే అక్కడి కార్ఖానాలకు చుట్టీ, అంటే వారం సెలవు, బుధవారమని చెప్పాడు. బుధవారం పనికి పోకుండా డబ్బా, ఆంప్లిఫయర్, గిటార్ ఆటోలో వేసుకుని పోయాను. గల్లీ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మేడ మీద ఎవరో గిన్నె కడగడం వినిపించింది. కాకా నన్ను చూడగానే గోడ మీది బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు లేదని ఉంది దాని మీద. వాపసు అడగడానికి రాలేదు, ఒక్కసారి వింటే చాలన్నాను. "బస్ ఏక్ బార్ సున్ లో, కాకా" అన్నాను. ఈసారి చెప్పులు ఆయన్ని విప్పమన్నాను.

విప్పాడు. లావు తీగ మీటాను. మళ్లీ మీటాను. కాకా నేలను చూస్తూ నిలబడ్డాడు. ఏళ్ల తరబడి అదే నేల మీద, అదే మాట చెప్పి డబ్బాలు అమ్మిన మనిషి. మోసం చేశాడని నేను అనను. నాకు ఎర్క లేనట్టే ఆయనకూ ఎర్క లేదు, చుట్టీ నాడు ఆ గల్లీకి కొనేవాళ్లు రారు. చెప్పులు తొడుక్కుని, మూలన ఉన్న పాత ఆంప్లిఫయర్లను పక్కకు జరపడం మొదలుపెట్టాడు. వాటి వెనక నుంచి ఒక డబ్బా లాగాడు. ఒకే ఒక్క పదిహేనంగుళాల స్పీకర్. తొడుగు చిరిగి లోపలి చెక్క కనిపిస్తోంది, పైన ఎవరో వేడి గిన్నె పెట్టిన మచ్చ. చక్రాలు లేవు. ఇద్దరం కలిస్తే గాని కదల్లేదు. ఇదీ ఎనిమిది ఓమ్‌లే. వికారంగా ఉందని ఎవరూ అడగరని, అందుకే చూపించలేదని చెప్పాడు.

వాయించాను. బల్ల మీద టీ గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. కాకా పోయి వాటిని రెండు చేతులతో పట్టుకున్నాడు. గల్లీలో ఒక్క సాంచె కూడా నడవడం లేదు.

నేను కొన్నదానికి బదులు అదే ఇస్తానన్నాడు. పైన కొంత వేయమన్నాడు. నేను ఒక రోజు జీతం, రెండుసార్లు ఆటో పోగొట్టుకున్నానని, పైసా వేయనని చెప్పాను. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. ఆయన భోజనానికి పోయి తిరిగొచ్చాడు, నేను అక్కడే ఉన్నాను. చివరికి తీసుకుపొమ్మన్నాడు. మెట్ల మీద దాన్ని ఎక్కించడానికి పక్కింటివాళ్లు ఇద్దరు పట్టారు.

రెండు వారాలకు ఉధ్నాలో పగటి పెళ్లి. కిమ్ నుంచి పెద్ద సెట్టు రాలేదు, టెంపోలో జాగా లేదని కీబోర్డు ఆయన అన్నాడు. నేను ఆటో దిగి, డ్రైవరు ఒక పక్క పట్టగా నా డబ్బా దించాను. దాని చిరుగును, మచ్చను చూసి స్టేజి మీద పెట్టొద్దన్నాడు. పెళ్లివారు ఫొటోలు తీస్తారట. విననట్టే ఉండి, డ్రైవరుతో కలిసి మోసి నా చోట్లో, వెనక వరుసలో, కుడి పక్క పెట్టాను. ఎవరూ వచ్చి దాన్ని అక్కడి నుంచి తీయలేదు.

మొదటి పాటకు ఆయన ఎడమ చేత్తో బేస్ వాయిస్తూనే ఉన్నాడు. నేనూ వాయించాను. రెండో పాట మధ్యలో ఆక్టోప్యాడ్ అతను స్టూలు జరుపుకుని నా డబ్బా వైపు తిరిగి కూర్చున్నాడు. తాళం కలుపుకోవడానికి అతనికి అది కావాలి. మూడో పాటకు ముందు కీబోర్డు ఆయన వెనక్కి తిరిగి, "సి షార్ప్" అన్నాడు. నాతో అన్నాడు. పాట ఏ శ్రుతిలో ఉందో పన్నెండేళ్లలో ఆయన నాకు ముందుగా చెప్పడం అదే మొదలు. ఇన్నాళ్లూ తీగలు తడుముకుని నేనే పట్టుకునేవాణ్ని. నేను థాంక్స్ చెప్పలేదు. శ్రుతి ఎప్పుడో చెప్పవలసిన మాటే, ఆలస్యంగా చెప్పాడు.

కార్యక్రమం అయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే దగ్గరికి వచ్చాడు.

"డబ్బా మంచిగనే ఉన్నది. కిమ్‌ల పెడదాం, రెండూ ఒక్కదగ్గర ఉంటయ్."

"వద్దన్నా. ఇది మా ఇంట్లనే ఉంటది."

"గట్లయితే, ప్రోగ్రాంకు పిలువకుంటే ఏం జేస్తవ్?"

"పిలిచినోళ్లకు వాయిస్త. డబ్బా నాదే గద."

ఆయన పోయి తన కీబోర్డు సర్దుకున్నాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు, అడగలేదు. మండపం ముందు ఆటో ఆపాను. వెనక సీటు మొత్తం డబ్బాకే సరిపోయింది. ఆటో అతను నన్ను తన పక్కన సర్దుకుని కూర్చోమన్నాడు. సగం బయటికి వేలాడుతూ కూర్చుని, నవాగామ్ పోనిమ్మన్నాను.