వేలెడంత రంగు

కొండాపూర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న మనిషి, ఒళ్లో రంగు గీకే కొత్త ఉప్పు కాగితం పెట్టుకుని దాన్ని బొటనవేలితో మెల్లగా తడుముతున్నాడు.

"ఇంటికి రంగులా?" అని అడిగాను.

"కాదు సార్. ఉన్న రంగు తియ్యాలె."

ఆయనా, వాళ్ల అన్నా కలిసి ఒక పాత మోటార్‌సైకిల్‌కి పెట్రోల్ ఇంజన్ ఉంచుతూనే బ్యాటరీ మోటారు కూడా బిగించారట. రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ అన్నీ చూసి, చివరికి హ్యాండిల్ కింద ఛాసిస్ నంబర్ చెక్కి ఉండేచోట కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడట. ఒక్క అంకె కూడా పడలేదు. పెయింటర్ అయిన అన్న ఆ చోటును కూడా రంగుతో నున్నగా కప్పేశాడు. రంగు గీకి తెమ్మన్నాడట.

"బండి మొత్తం మంచిగ సూసుకున్నం గని, నంబర్ సంగతే మరిచినం," అని నవ్వాడు.

"మీ అన్ననే గీకమనండి. ఆయనకి చేయి తిరిగిన పనే కదా."

"అన్న లేడు సార్, పోయిండు. ఆఖరుగ రంగేసింది గా బండికే."

ఆయన తన చూపుడువేలు నా ముందు పెట్టాడు.

"గింత గీకితే సాలు సార్. మిగిలిందంత అట్లనే ఉంటది."

నాకంటే ముందే దిగిపోయాడు. పేరు అడగలేదు.

ఇప్పటికీ సిగ్నల్ దగ్గర పాత బండి ఏదైనా పక్కన ఆగితే, నా చూపు ముందు హ్యాండిల్ కిందికే పోతుంది. వేలెడంత రంగు లేని చోటు కోసం వెతుకుతుంది.