కూలర్లో పాత నీళ్లు

గున్నమ్మ చెయ్యి మంచిదే కానీ, నోటి మాటకే భిలాయిలో చెల్లుబాటు లేదు. శ్రీకాకుళం నుంచి మొగుడి వెంట ఉక్కు ప్లాంటు క్వార్టర్‌కు వచ్చి ముప్ఫయ్యేళ్లు దాటింది. వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు పరుగెత్తేది ఆమే. సాయానికి పనికొచ్చే మనిషి సలహాకు పనికిరాదట, అదేం లోకమో!

కిందటేడు వానల్లో మనవరాలు మధులత మలేరియాతో వణికి వణికి కళ్లు తేలేసింది. బతికి బట్టకట్టింది గానీ పిల్ల సగమైపోయింది. కిటికీలకు పెట్టిన కూలర్లలో నిలవ నీళ్లుంటాయి చూడండి, దోమలు పుట్టేది వాటిలోనేనని ఆసుపత్రి నర్సు చెప్పింది. అప్పట్నుంచి వారానికోసారి ఆ నీళ్లు పారబొయ్యండర్రా అని గున్నమ్మ ఇల్లిల్లూ తిరిగింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "కుళాయొచ్చేదే గంట సేపు, ఉన్న నీళ్లు పారబోత్తారేటి పిన్నీ?" అంది పక్కింటి పైడమ్మ. సొంత కోడలు రజనీకుమారి అయితే "చూద్దాంలే అత్తా" అనేసి టీవీ వైపు తిరిగింది. కన్నతల్లే ఇలా ఉంటే ఇరుగుపొరుగును ఏమనాలి?

ఈ ఎండాకాలం మరో వింత మొదలైంది. సీసాలో నీలిమందు నీళ్లు పోసి గేటుకు కడితే కుక్కలు రావట. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. పక్క ఊరు కుమ్హారిలో ఎవరో కట్టారట, అంతే చాలు. వారం తిరిగేసరికి వీధంతా నీలి సీసాలే. కుక్కలేమో ఆ సీసాల కిందే హాయిగా పడుకున్నాయి. గున్నమ్మకు ఒళ్లు మండిపోయింది. తను ఏడాదిగా గొంతు చించుకున్నా కదలని చేతులు ఊరూ పేరూ లేని మాటకు ఇంత చురుగ్గా లేస్తాయా?

ఆ మంటలోనే పైడమ్మను నిలదీసింది. "ఒలే పైడీ, కూలర్లో పాత నీళ్లెట్టుకుంటే సీసా ఏటి పని సేత్తాదే? శనివారం శనివారం కూలరు వంపేసి, తోమి, ఎండబెట్టాల. అది సెయ్యకపోతే కుక్కలు రాకేటవుతాయి?"

పైడమ్మ కళ్లు పెద్దవి చేసింది. సంచీతో పాటు ఆ మాటనూ అందుకుని పవర్ హౌస్ బజారుకు బయల్దేరింది.

కొన్నాళ్లకు ఒక శనివారం పొద్దున్న గున్నమ్మ లేచి వచ్చేసరికి కోడలు కూలరుతో కుస్తీ పడుతోంది. నీళ్లన్నీ నేలపాలు.

"అత్తా, నీకు మాలూమేనా? శనివారాలు కూలరు ఖాళీ చెయ్యాలంట, లేకుంటే నీలి సీసా పని చెయ్యదంట. చరోదా నుంచి మా దీదీ వచ్చి మరీ చెప్పింది. వాళ్ల రైల్వే కాలనీలో అందరూ చేస్తున్నారంట. నీకివన్నీ తెలీవు గదా, అందుకే చెప్తున్నా."

గున్నమ్మకు కోపం నసాళానికంటింది. అది నేను చెప్పిందేనే అని అరవబోయింది. అరిస్తే ఏమవుతుంది? అత్త మాటని తెలిసిన రోజే ఈ కూలరు మళ్లీ కదలడం మానేస్తుంది. గదిలో మధులత ఇంకా నిద్రపోతోంది.

గున్నమ్మ కొంగు దోపి, కూలరు రెండో వైపు పట్టుకుంది.

"అలాగేటి? మీ దీదీ ఎంత తెలివైందే! అడుగున పాచుంది, గట్టిగా తోము."