పదింటికి గంట కొట్టిన దేవదానం పెద్దాయన

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "దేవదానం పెద్దాయన పోయినాడయ్యగారూ" అన్నారు.

"ఏ దేవదానం?" అని అడిగాను.

నాకు తెలిసిన దేవదానం ఆయనొక్కరే. అయినా అడిగాను.

నందికొట్కూరు పక్కన మా చిన్న చర్చికి నేను పాస్టర్‌ని. ఆయన సంఘపెద్ద. నేను పుట్టకముందు నుంచి అక్కడ ఆదివారం పొద్దున ఆరింటికి గంట కొట్టేది ఆయనే.

నేను వచ్చిన కొత్తలో ఆరాధన టైమ్ పదింటికి మార్చాలన్నాను. టౌన్ నుంచి ఫ్యామిలీలు వస్తాయి, లైవ్ పెట్టుకోవచ్చు అని నా ప్లాన్.

కమిటీలో అందరూ తల ఊపారు. ఆయన లేచి నిలబడ్డారు.

"మిరప కోతకు ఆటో ఎనిమిదికే పోతాది అయ్యగారూ. పదింటికంటే కూలికి పోయేటోళ్లు యాడొస్తారు? నాకిది సమ్మతం లేదు. మినిట్స్‌లో రాసుకోండి."

రాసుకున్నాం. టైమ్ మార్చేశాం.

నాకు చాలా కోపం వచ్చింది. ఈయన ఇక రారులే అనుకున్నాను.

శనివారం సాయంత్రం వీధి వీధీ తిరిగి, "రేపు పదింటికప్పా, తీరిగ్గా స్నానాలు చేసుకొని రాండి" అని చెప్పింది ఆయనే. మర్నాడు సరిగ్గా పదింటికి గంట కొట్టిందీ ఆయనే.

కొన్నాళ్లకు నన్ను ట్రాన్స్‌ఫర్ చేయించాలని కొందరు కాగితం రాసి, మొదటి సంతకం కోసం ఆయన ఇంటికే వెళ్లారట.

"నా మాట ఆయన ముందరే చెప్పినా. ఆయన లేనప్పుడు చెప్పేదానికి నా కాడ ఇంకేమీ లేదు. పోండప్పా" అని పంపేశారట.

ఇది ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. వెళ్లినవాళ్లలో ఒకరు చెప్పారు.

ప్రసంగానికి ముందు, పక్కనున్న చిన్న గదిలో ఆయన నా భుజం మీద చెయ్యేసి ప్రార్థించేవారు. "తండ్రీ, మా అయ్యగారికి మాట దయచెయ్యి. మాకు వినే మనసు దయచెయ్యి." అంతే.

ఆ టైమ్ గొడవ తర్వాత ప్రతి వారం చెవులు రిక్కించి విన్నాను, ప్రార్థనలో నాకో చురక తగులుతుందేమోనని. ఒక్కసారీ తగల్లేదు. తగిలితే నాకే కాస్త తేలికగా ఉండేది.

మిరప కోతలు మొదలయ్యాక ఆడవాళ్ల వైపు చాపలు ఖాళీగా కనపడ్డాయి. నేను చూశాను. ఆయనా చూశారు. "నేను చెప్పలేదా" అని అనలేదు.

"మీరు చెప్పిందే నిజం" అని నేనూ అనలేదు.

పోయిన ఆదివారం ఆయన చాపలు మడుస్తుంటే చెబుదామని దగ్గరికి వెళ్లాను. చాప రెండో కొస పట్టుకుని మడిచి వచ్చేశాను. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను.

ఈ పొద్దున కమిటీ వాళ్లందరికీ ఫోన్ చేశాను, మళ్లీ ఆరింటికే పెడదామా అని. "సరే అయ్యగారూ" అన్నారు అందరూ.

కాదనడానికి ఎవరూ లేరు. ఆ సంగతి అప్పుడు తెలిసొచ్చింది.

సాయంత్రం ఆయన్ని సమాధి చేయాలి. ప్రార్థన నేనే చేయాలి.

ఆదివారం ఆరింటికి గంట నేను కొడతాను. తర్వాత ఆ చిన్న గదిలోకి ఒక్కణ్ణే పోతాను.

పెద్దాయనా, మీరే రైటు. మీరు వినేటప్పుడు చెప్పాల్సింది.

ప్రభువు దగ్గర నెమ్మదిగా విశ్రమించండి.